ఇల్లు వెతికే ముందు చెరువు వెతకాలి

2021 చివర్లో హైదరాబాదు నుంచి బెంగళూరుకి మారాలనుకున్నప్పుడు, మా వృత్తిలో అందరూ చేసే పనే నేనూ చేశాను. ఒక ఎక్సెల్ షీటు తెరిచాను. ఏరియా, అద్దె, అడ్వాన్సు ఎన్ని నెలలు, ఆఫీసుకి ఎంత దూరం, మెట్రో ఎప్పటికి వస్తుందట, ఆసుపత్రి ఎంత దగ్గర, కూరగాయలు యాప్‌లో దొరుకుతాయా: మొత్తం పదిహేడు కాలమ్‌లు. ఒక్కోదానికి మార్కులు వేసి, కూడి, ఎక్కువ మార్కులొచ్చిన చోట ఇల్లు తీసుకున్నాం. అవుటర్ రింగు రోడ్డుకి ఆనుకుని, సర్జాపుర వైపు. గేటెడ్ కమ్యూనిటీ. బాల్కనీలోంచి పచ్చగా కనిపిస్తుంది. ఆ పచ్చదనం దేనిదో అప్పుడు అడగలేదు.

మా నాయన నెల్లూరు జిల్లాలో ఇరిగేషన్ శాఖలో లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. కాలవ గట్ల మీద సైకిలు తొక్కుతూ, తూములు తీస్తూ మూస్తూ ముప్పయ్యేళ్ళు గడిపిన మనిషి. షీటు మొత్తం ఫోన్లో చదివి వినిపిస్తే అంతా విని ఒకే ఒక ప్రశ్న వేశాడు. "ఆడ నీళ్ళు ఏడ నుంచి వస్తయ్, ఏడకి పోతయ్?"

"కుళాయిలోంచి వస్తాయి నాయనా," అన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం వేరే వేరే విషయాలకి నవ్వామని తర్వాత తెలిసింది.

ఈ వ్యాసం ఆ ప్రశ్నకి ఆలస్యంగా వెతుక్కున్న జవాబు. కొత్త ఊరికి మారేముందు ఏం తెలుసుకోవాలో చెప్పే సలహాలు బోలెడు దొరుకుతాయి. ట్రాఫిక్ గురించి, ఓనర్ల గురించి, బిర్యానీ గురించి. ఊరి చరిత్ర తెలుసుకోమని చెప్పేవాళ్ళు తక్కువ. చరిత్ర అంటే సెలవురోజు చూసే కోట అనుకుంటాం గానీ, మనం పడుకునే మంచం కింద ఉన్న నేల అని అనుకోం.

ఆ రెండు రోజులు

2022 సెప్టెంబరు 4, ఆదివారం. సాయంత్రం మొదలైన వాన రాత్రంతా కురిసింది. మర్నాడు ఉదయానికి ఊళ్ళో 130 మిల్లీమీటర్లకు పైగా పడిందన్నారు. తెల్లారి బాల్కనీలోంచి చూస్తే పచ్చదనం లేదు, నీళ్ళున్నాయి. సెల్లారులో కార్ల పైకప్పులు మాత్రం కనిపిస్తున్నాయి. కరెంటు పోయింది, లిఫ్టు ఆగింది. జనరేటరు ఉన్నదీ సెల్లారులోనే. అవుటర్ రింగు రోడ్డు మీద పడవలు తిరుగుతున్న వీడియోలు, ట్రాక్టర్ల మీద ల్యాపుటాపు సంచులతో ఆఫీసులకు వెళ్తున్న మా జాతి జనం ఫోటోలు దేశమంతా తిరిగాయి. మీమ్‌లు కూడా వచ్చాయి. అప్పటికి మా ఆవిడకి ఎనిమిదో నెల. మాకు మీమ్‌లు అంత నవ్వు తెప్పించలేదు.

నీళ్ళ మధ్య ఉండి నీళ్ళకి కటకటలాడటం అప్పుడే చూశాను. అదే వానకి, వంద కిలోమీటర్ల దూరంలో మండ్య జిల్లా తొరెకాడనహళ్ళిలో కావేరి నీళ్ళని బెంగళూరుకి ఎక్కించే పంపుహౌసులోకి కూడా వరద దూరింది. ఊరికి కావేరి సరఫరా దెబ్బతింది. మా అపార్ట్‌మెంటుకి కావేరి కనెక్షనే లేదు గనక మాకు అదొక వార్త మాత్రమే. మా బోర్లు, మా ట్యాంకరు సంపు రెండూ మురికినీళ్ళ కింద ఉన్నాయి.

మంగళవారం ఉదయం డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు. కాళ్ళు వాచాయి, బీపీ కొంచెం ఎక్కువుంది, తప్పకుండా రమ్మన్నారు. మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో గేటు దాకా నడిచి, ట్రాక్టరు ఎక్కాం. ట్రాలీలో ఎవరో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. మా ఆవిడ దాంట్లో కూర్చుంటే నేను వెనక నుంచి పట్టుకున్నాను. ట్రాక్టరు నడిపేది పక్క ఊరి రైతు, యాభై దాటిన మనిషి. మేం మాట్లాడుకోవడం విని తెలుగులో పలకరించాడు. సర్జాపుర, వర్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుకునే రెడ్లు చాలామంది ఉన్నారని నాకు అంతవరకూ తెలీదు.

"ఇన్ని నీళ్ళు ఎట్లా వచ్చాయండీ?" అని అడిగాను.

"నీళ్ళు రాలేదు సార్, మీరు వచ్చిండారు," అన్నాడాయన వెనక్కి తిరక్కుండానే. "నీళ్ళు యావాగలూ ఈడే ఉండేవి. ఇది కెరె బయలు. మా తాత ఈడ రాగి, వరి పెడతా ఉండె."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. బస్సు ఏ నంబరో చెప్పినట్టు చెప్పాడు. పరీక్షలు చేయించి, బీపీ మాత్ర మార్పించుకుని, సాయంత్రానికి ఒక స్నేహితుడి ఇంటికి చేరాం. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేస్తే ఒకటే మాట అంది. "ఏందిరా అబ్బయ్యా, చెరువులో ఇల్లు తీసుకుంటే నీళ్ళు రాక పాలొస్తయ్యా?"

నది లేని ఊరు

మన పెద్ద ఊళ్ళు చాలావరకు నది పక్కన పుట్టాయి. నెల్లూరుకి పెన్న, బెజవాడకి కృష్ణ, రాజమండ్రికి గోదావరి, హైదరాబాదుకి మూసీ. బెంగళూరుకి అలాంటి నది లేదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో, ఒక మిట్ట మీద కూర్చున్న ఊరు అది. ఆ మిట్టకి పడమర పడిన వాన వృషభావతి, అర్కావతి మీదుగా కావేరిలోకి పోతుంది. తూర్పున పడిన వాన దక్షిణ పినాకినిలోకి పోతుంది. ఇంటి కప్పు మీద పడిన వాన రెండు వైపులా జారినట్టు.

అలాంటి చోట ఊరు నిలవాలంటే వాన నీటిని పోనివ్వకుండా ఆపాలి. ఆపారు కూడా. వాలులో ఒక కట్ట, అది నిండితే పొర్లిన నీళ్ళు కింది చెరువుకి, అక్కణ్ణించి ఇంకా కిందికి. ఇలా గొలుసుకట్టు చెరువులు. చెరువుకీ చెరువుకీ మధ్య కాలవలు. పెద్ద కాలవని ఇక్కడ రాజకాలువె అంటారు. కాకతీయుల కాలం నుంచీ ఇలాంటి గొలుసులు చూసిన తెలంగాణ వాళ్ళకిది కొత్త కాదు. రాయలసీమ వాళ్ళకీ కాదు. మా నెల్లూరు వాళ్ళకీ కాదు. నాలాగా కాలవ గట్టు పక్కన పుట్టి ఇంజనీరింగు చదివినవాడికి మాత్రం ఎందుకో కొత్తయింది.

ఊరి పేరు చాలా పాతది. బేగూరులో దొరికిన, సుమారు క్రీ.శ. 890 నాటి వీరగల్లు శాసనంలోనే బెంగళూరు అన్న మాట ఉంది. ఒక రాజుకి ముసలమ్మ ఉడికించిన గింజలు పెడితే ‘బెంద కాళూరు’ అయిందనే కథ దాని తర్వాతిది అన్నమాట. మనం ఇవాళ చూసే పేటకి పునాది మాత్రం 1537లో విజయనగర సామంతుడు కెంపేగౌడ వేశాడంటారు. ఆయన కోటతో పాటు చెరువులు కట్టించాడు. ధర్మాంబుధి, కెంపాంబుధి ఆ కాలానివే. అంబుధి అంటే సముద్రం. నది లేని ఊరివాళ్ళు చెరువుకి సముద్రమని పేరు పెట్టుకున్నారు. మనం అనంతసాగరం, బుక్కరాయసముద్రం అనుకోలేదూ, అలాగే. బొమ్మసంద్ర, సింగసంద్ర, జక్కసంద్ర అని బస్సు బోర్డుల మీద కనిపించే ‘సంద్ర’ కూడా ఆ సముద్రమే.

తెలుగు సాహిత్యం మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి ఒక చిన్న కొసరు: ఈ కెంపేగౌడ పేరు మీద ‘గంగాగౌరీ విలాసం’ అనే తెలుగు యక్షగానం చెప్తారు. బెంగళూరులో తెలుగు వినిపించడం సాఫ్ట్‌వేరుతో మొదలైందని అనుకునే మాలాంటి వాళ్ళం కాస్త తగ్గి నడవాలి. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ అచ్చు వేయించిన నాగరత్నమ్మ మద్రాసు వెళ్ళినా, పేరుకి ముందు ఈ ఊరినే మోసుకెళ్ళింది.

ఆ తర్వాతి కెంపేగౌడ ఊరి నాలుగు దిక్కులా నాలుగు బురుజులు కట్టించాడు. లాల్‌బాగ్ బండ మీద ఒకటి, హలసూరు చెరువు దగ్గర ఒకటి, కెంపాంబుధి దగ్గర ఒకటి, ఇప్పటి మేఖ్రీ సర్కిల్ దగ్గర ఒకటి. ఊరు ఇవి దాటి పెరగకూడదని ఆయన అన్నట్టు ఒక నమ్మకం ఉంది. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, నాలుగింట్లో రెండు చెరువు పక్కనే ఉన్నాయని గమనించాలి. మా అపార్ట్‌మెంటు ఆ గీతకి బయట చాలా దూరం.

వచ్చినవాళ్ళ ఊరు

బెంగళూరు చరిత్ర చదువుతుంటే నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఇది ఎప్పుడూ బయటి నుంచి వచ్చినవాళ్ళ ఊరు కావడం. 1638లో బీజాపూరు సైన్యం తీసుకుని షాహాజీకి జాగీరుగా ఇచ్చింది. 1687లో మొఘలులు పట్టుకుని, మైసూరు చిక్కదేవరాజుకి మూడు లక్షల రూపాయలకి ఇచ్చేశారు. 1791లో కారన్‌వాలిస్ కోట పట్టాడు. టిప్పు చనిపోయిన పదేళ్ళకి, 1809లో, బ్రిటిషు సైన్యం శ్రీరంగపట్నం నుంచి బెంగళూరుకి మకాం మార్చింది. కారణం? శ్రీరంగపట్నంలో దోమలు, జ్వరాలు. బెంగళూరులో చల్లగాలి. అంటే ‘వాతావరణం బావుంటుంది’ అని ఇక్కడికి మారిన మొదటి పెద్ద గుంపు వాళ్ళదే. మేం వాళ్ళ దారినే వచ్చాం.

ఆ సైన్యం కోసం పేటకి తూర్పున కంటోన్మెంటు లేచింది. దాంతో రెండు ఊళ్ళయ్యాయి. ఒకటి చిక్కపేటె, బళేపేటె, కుంబారపేటె, గాణిగరపేటెల బెంగళూరు. కుమ్మరులకొక పేట, గాండ్లవాళ్ళకొక పేట. రెండోది పెరేడ్ మైదానాలు, చర్చీలు, బంగళాల బెంగళూరు. సైన్యంతో పాటు తమిళనాడు నుంచి వ్యాపారులు, కూలీలు, సేవకులు వచ్చారు. ఒక ఊళ్ళో కన్నడ, తెలుగు, మరాఠీ. ఇంకో ఊళ్ళో తమిళం, ఉర్దూ, ఇంగ్లీషు. 1870లో వేసిన కబ్బన్ పార్కు రెంటికీ మధ్య పచ్చటి సరిహద్దులా నిలిచింది. 1881లో మైసూరు రాజ్యాన్ని ఒడయార్లకి తిరిగిచ్చినా కంటోన్మెంటు మాత్రం బ్రిటిషువాళ్ళ చేతిలోనే 1947 దాకా ఉంది. 1949లో గానీ రెండు మునిసిపాలిటీలు కలిసి ఒక కార్పొరేషన్ కాలేదు.

జానకీ నాయర్ ‘ద ప్రామిస్ ఆఫ్ ద మెట్రోపోలిస్’ (2005) చదివితే ఈ రెండు ఊళ్ళ అతుకు ఎంత పచ్చిగా ఉండిపోయిందో తెలుస్తుంది. పండిత గ్రంథమే, వేగంగా సాగదు. కానీ బెంగళూరులో భాష గురించి గొడవ వచ్చినప్పుడల్లా ‘వీళ్ళకేమైంది’ అని ఆశ్చర్యపోయే మనం ఓపిగ్గా చదవాల్సిన పుస్తకం. తన రాష్ట్ర రాజధానిలో సగం ఊళ్ళో తన భాషకి చోటు లేకుండా పోయిన జ్ఞాపకం కన్నడిగులకి ఉంది. ‘కన్నడ గొత్తిల్ల’ అనే రెండు మాటలు నేర్చుకుని అయిదేళ్ళు గడిపేసేవాళ్ళకి ఆ జ్ఞాపకం కనిపించదు. మద్రాసులో మన గతి గురించి తాతలు చెప్పుకున్న బాధలు విన్న తెలుగువాళ్ళకైనా అర్థం కావాలి.

వచ్చి, ఉండి, లెక్క తీర్చకుండా పోయినవాళ్ళలో ఒక పెద్దమనిషి కూడా ఉన్నాడు. 1896లో సైనికాధికారిగా వచ్చిన ఇరవై ఒక్కేళ్ళ విన్‌స్టన్ చర్చిల్. ఇప్పటి బెంగళూరు క్లబ్బులో వసూలు కాని బాకీల పద్దులో ఆయన పేరున 13 రూపాయలు ఉన్నాయి. అందరూ సరదాగా చెప్పుకునే కథే. మేమూ ఈ ఊరికి ఏదో ఒక పద్దులో బాకీ ఉన్నామేమో అని ఇప్పుడనిపిస్తుంది.

చెరువు మరుపుకొచ్చిన రోజు

మరి చెరువులు ఏమయ్యాయి? ఎవరో ఒక దుర్మార్గుడు వచ్చి పూడ్చేశాడని చెప్పగలిగితే సులువుగా ఉండేది. జరిగింది అది కాదు. చెరువు అవసరం తీరిపోయింది.

1890ల్లో అర్కావతి మీద హెసరఘట్ట నుంచి గొట్టాల్లో నీళ్ళొచ్చాయి. 1898లో ప్లేగు వచ్చింది. ఇరుకు పేటలోంచి జనం బయటికి రావడంతో మల్లేశ్వరం, బసవనగుడి పెరిగాయి. 1905లో వీధుల్లో కరెంటు దీపాలు వెలిగాయి. 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయం. 1974లో కావేరి. ప్రతి అడుగూ ఊరికి మేలే చేసింది. అయితే నీళ్ళు దూరం నుంచి వచ్చినకొద్దీ, దగ్గరున్న చెరువు దోమలు పుట్టే గుంటలాగా, చివరికి ఖాళీ స్థలంలాగా కనిపించడం మొదలైంది. కావేరి నీళ్ళు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి, సుమారు అయిదు వందల మీటర్ల ఎత్తుకి, మూడు అంచెల్లో పంపులు ఎక్కిస్తే వస్తాయి. రోజూ ఒక కొండెక్కి వచ్చే నీళ్ళు తాగుతూ, గుమ్మం ముందు పడిన వానని మురుక్కాలవలోకి తోసేస్తున్నాం.

ధర్మాంబుధి చెరువు ఎండి, అక్కడ మెజెస్టిక్ బస్టాండు వచ్చింది. మన ఊళ్ళ నుంచి బస్సెక్కి తెల్లారేసరికి చాలామంది దిగే ఆ చోటే కెంపేగౌడ తవ్వించిన సముద్రం. ఊళ్ళో పెట్టే తొలి అడుగే చెరువులో పెడతామన్నమాట. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. కరగ పండగలో మాత్రం తిగళ కులస్థులు ఇప్పటికీ పూజకి సంపంగి కెరె దగ్గరికే వెళ్తారు. అక్కడ మిగిలింది ఒక చిన్న కొలను. పటంలోంచి పోయిన చెరువు పండగలో బతికుంది. హరిణీ నాగేంద్ర ‘నేచర్ ఇన్ ద సిటీ’ (2016) ఈ చెరువుల కథని ఓపిగ్గా చెప్తుంది. అది చదివాకే నాకు ట్రాక్టరాయన మాట పూర్తిగా అర్థమైంది.

చెరువు పోవడానికి ఇంకో కారణం, దాన్ని చూసుకునే మనిషి పోవడం. తూము తీసి, ఏ మడికి ఎంత నీరో పంచేవాణ్ణి ఇక్కడ నీరుగంటి అంటారు. తెలంగాణలో నీరడి. మా వైపు కాలవల మీద లస్కరు. పొలాలు లేఅవుట్లయ్యాక నీరు పంచే పని లేదు. ఆ మనిషితో పాటు, ఏ కాలవ ఎక్కణ్ణించి ఎక్కడికి పోతుందో గుర్తుంచుకునే బుర్ర కూడా పోయింది. మా భాషలో చెప్పాలంటే, రాసిపెట్టిన డాక్యుమెంటు లేదు, తెలిసిన ఒక్క మనిషీ ఉద్యోగం మానేశాడు, అయినా సిస్టమ్ నడుస్తోంది. వాన పడే దాకా.

హెచ్చరికలు లేక కాదు. 1980ల మధ్యలోనే లక్ష్మణ్ రావు కమిటీ చెరువుల్ని కాపాడమని, వాటిని విడగొట్టొద్దని ప్రభుత్వానికి చెప్పింది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో దిగిన రోజులవి. అంతకు ముందే హెచ్ఏఎల్, ఐటీఐ, హెచ్ఎంటీ, బీఈఎల్ లాంటి ప్రభుత్వ కర్మాగారాలు వాటి టౌన్‌షిప్పులతో ఊరిని పెంచాయి. తర్వాత మేమొచ్చాం. మాకు కావలసింది పెద్ద పెద్ద ఖాళీ జాగాలు. ఊరికి తూర్పున, బెళ్ళందూరు వర్తూరు వాలులో, అవి చవగ్గా దొరికాయి. ఎందుకు ఖాళీగా ఉన్నాయో, ఎందుకు చవకో అడిగే తీరిక ఎవరికీ లేదు. 2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలికె ఏర్పడినప్పుడు ఊరి చుట్టూ ఉన్న ఏడు నగరసభలతో పాటు 110 పల్లెల్ని కలిపేశారు. పల్లెలు కాగితం మీద నగరమయ్యాయి. ఆ 110 పల్లెల కోసం ఉద్దేశించిన కావేరి అయిదో దశ మొదలైంది 2024 అక్టోబరులో. పదిహేడేళ్ళు. ఈ మధ్యలో అక్కడి అద్దాల భవనాలన్నీ బోర్ల మీద, ట్యాంకర్ల మీద బతికాయి. 2024 మార్చిలో ఆ బోర్లు ఎండిపోయినప్పుడు ఏమైందో పేపర్లలో చదివే ఉంటారు.

మూసీ వరద తెలిసినవాళ్ళకి ఇక్కడ ఒక పోలిక తట్టాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదుని ముంచింది. నిజాం ప్రభుత్వం ఒక ఇంజనీరుని పిలిపించింది. ఆయన నదికి గోడలు కడితే చాలనలేదు. ఎగువన నీళ్ళని ఆపమన్నాడు. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. ఆ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. పూర్వీకుల ఊరు మన ప్రకాశం జిల్లా వైపు మోక్షగుండం, పుట్టింది నంది కొండల దగ్గర ముద్దేనహళ్ళిలో. అంటే నీటిని మొదలు నుంచి చూడమని హైదరాబాదుకి నేర్పిన మనిషి బెంగళూరు పక్కనివాడే.

మారేముందు అడగాల్సినవి

ఇంత చదివాక నా ఎక్సెల్ షీటులో కొత్త కాలమ్‌లు వచ్చాయి. మీరు ఏ ఊరికి మారుతున్నా పనికొస్తాయనే నమ్మకంతో రాస్తున్నాను.

మొదటిది మా నాయన ప్రశ్న: నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి, ఎక్కడికి పోతాయి. ‘ఇరవై నాలుగు గంటలూ నీళ్ళు’ అన్న బ్రోకరు మాట జవాబు కాదు. మునిసిపల్ కనెక్షనా, బోరా, ట్యాంకరా? బోరయితే ఎన్ని అడుగులు? ఎండాకాలంలో ట్యాంకరు ఖర్చు ఎవరిది? వాననీరు ఏ కాలవలో కలుస్తుంది, ఆ కాలవ ఏ చెరువుకి పోతుంది?

రెండోది, ఈ నేల ఇంతకు ముందు ఏమిటి. బెంగళూరులో అయితే ‘దిశాంక్’ అనే ప్రభుత్వ యాప్ ఉంది. మీరు నిలబడిన చోటి సర్వే నంబరు, పాత గ్రామ పటంలో అక్కడ చెరువుందా కాలవుందా చూపిస్తుంది. మేం మునిగాక చూశాను. మా పార్కింగ్ మూలకి ఆనుకునే ఒక నీలం గీత ఉంది. ముందే చూడ్డానికి రెండు నిమిషాలు పట్టేది.

మూడోది, పేర్లు చదవడం. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. వారం రోజులు బస్సు బోర్డులు చూస్తే వచ్చేస్తుంది. కెరె అంటే చెరువు, కుంటె అంటే కుంట, తూబు అంటే తూము. కోడిహళ్ళి బోర్డు చూసి నేను మొదట్లో కోళ్ళ ఊరనుకుని నవ్వుకున్నాను. చెరువు నిండి పొర్లే చోటుని కన్నడలో కోడి అంటారని ఒక సహోద్యోగి చెప్పాడు. తెలంగాణలో అలుగు, మా నెల్లూరులో కలుజు. ఏ కలుజు కింద ఇల్లు కట్టకూడదో మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. అదే మాట వేరే భాషలో బోర్డు మీద రాసి ఉంటే నాకు కనబడలేదు.

నాలుగోది, మీకన్నా ముందు వచ్చినవాళ్ళు ఎవరు, వాళ్ళకీ ఊరికీ మధ్య ఏం జరిగింది. భాష నేర్చుకోవడం మర్యాద మాత్రమే కాదు. ట్రాక్టరాయన తెలుగు మాట్లాడకపోయి ఉంటే ఆ మాట నాకు చేరేది కాదు. పక్కనే అలాంటి మాటలు కన్నడలో ఎన్ని చెప్పి ఉంటారో, నేను వినలేదు.

అయిదోది రాయడం కొంచెం కష్టం. మీరు తప్పించుకున్న పల్లంలో ఎవరుంటారు? వరద తగ్గాక మా గేటు పక్కనుంచి నడిచి వెళ్తూ చూశాను. కాలవ ఒడ్డున నీలం ప్లాస్టిక్ పట్టాల గుడిసెలు ఉండేవి. రాయచూరు, కలబురగి వైపు నుంచి కట్టడాల పనికి వచ్చినవాళ్ళవి. అవి లేవు. ఒకామె తడిసిన బియ్యం రోడ్డు డివైడరు మీద ఆరబోస్తోంది. పక్కన పిల్లల ఆధార్ కార్డులు, వాటి మీద రాళ్ళు పెట్టి. వాళ్ళూ ఊరు మారి వచ్చినవాళ్ళే. వాళ్ళకి షీటూ లేదు, కాలమ్‌లూ లేవు, ఎంచుకునే వీలూ లేదు. మాకు కారు ఇన్సూరెన్సు డబ్బులు మూడు నెలల్లో వచ్చాయి.

ఊట

అక్టోబరులో మాకు పాప పుట్టింది. తర్వాతి ఏడాది మొదట్లో బసవనగుడి వైపు మారాం. మిట్ట మీద ఉన్న పాత ఇల్లు. ఒక పడగ్గది తక్కువ, అద్దె అంతే, ఆఫీసుకి రోజూ గంటన్నర ఎక్కువ. కావేరి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. పొద్దున్నే పక్కింటావిడ గోడ మీంచి "నీరు బంతా?" అని అడుగుతుంది. వచ్చాయో లేదో చూసి చెప్పడం మా పాపకి ఇష్టమైన పని. తర్వాత "ఊట ఆయ్తా?" అని అడుగుతుంది. కన్నడలో ఊట అంటే భోజనం. మనకి నేలలోంచి ఉబికే నీళ్ళు. రెండూ ఒకటేనని పాపకి ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్ళు రాని రోజు వంట ఎంత ఆలస్యమవుతుందో అది చూస్తూనే ఉంది.

పోయిన సంక్రాంతికి మా నాయన వచ్చాడు. బెళ్ళందూరు చెరువు చూపించమన్నాడు. నురగ, మంటలు అన్నీ టీవీలో చూసినవాడే. కట్ట మీద కాసేపు నిలబడి, "ఇది ఏట్లో కలుస్తది?" అన్నాడు. ఈసారి నా దగ్గర జవాబుంది. ఇక్కణ్ణించి వర్తూరు చెరువుకి, అక్కణ్ణించి దక్షిణ పినాకినిలోకి అన్నాను. అది పుట్టేది నంది కొండల వైపు. మన పెన్న, ఉత్తర పినాకిని, పుట్టేదీ ఆ వైపే. ఒకటి తమిళనాడు మీదుగా, ఒకటి అనంతపురం, కడప దాటి మా ఊరి పక్కనుంచి సముద్రంలోకి.

ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కట్ట దిగుతూ, "అయితే మనకి పరాయి ఊరేం కాదే," అన్నాడు. రెండడుగులు వేశాక ఆగి, అలవాటు కొద్దీ, తూము ఏ పక్కనుందో వెతికాడు.